చివరి కుర్చీ

అంబాజీపేటలో మా బావగారి కొబ్బరి కొట్టు.
రాత్రి తొమ్మిదయ్యి హమాలీలు వెళ్లిపోతే
అది సైనిక న్యాయస్థానం.
అయిదు కాయల రాశులు, అయిదుగురు ఆఫీసర్లు.
నడుమ పెద్ద రాశి కల్నల్.
పక్కన గోడకి ఆనించిన కాటా జడ్జి అడ్వొకేట్,
చట్టం తూచి చెబుతాడు, ఓటు లేదు.
ఆ చివర గంపెడు కూడా లేని గుట్ట
మీసం సరిగా రాని కెప్టెన్.

నేను కొత్తపేట కోర్టులో గట్టు తగాదాల ప్లీడర్ని.
బోదె ఎవరిది, తాడిచెట్టు నీడ ఎవరి చేలో పడుతుంది,
పదహారేళ్లుగా ఇవే.
గొంతు పెంచితే సగం గెలిచినట్టేనని నమ్మినదాన్ని.

సుబేదార్ గెడ్డం ఏసుపాదం గారు
బోర్లించిన గంప మీద కూర్చుని బీడీ ఆర్పేశారు.
ఇరవై రెండేళ్లు కోర్ట్ మార్షల్ గది గుమ్మంలో నిలబడి
సాక్షుల్ని పేరు పెట్టి పిలిచిన మనిషి.
"అరవకండమ్మా. వాళ్లు రోజూ అరుపుల్లోనే బతుకుతారు,
మెల్లగా అంటేనే తల తిప్పుతారు.
కల్నల్ కేసి చూడకండి, అందరూ చూసేది ఆయన్నే.
లోపల తలుపేసుకున్నాక
ముందు నోరు విప్పాల్సింది అందరికన్నా చిన్నవాడు.
పెద్దల మాట చెవిన పడకముందే తన మాట చెప్పెయ్యాలి.
మీ కేసంతా ఆ చివరి కుర్చీలో ఉంది."

నేను గుట్ట కేసి తిరిగాను.
కాయలతో మాట్లాడాలంటే మొదట సిగ్గేసింది.

ముద్దాయి నాయక్ నేతల రత్నరాజు
ఎక్కడో పటాలంలో కాపలాలో ఉన్నాడు.
అతని బదులు అతని భార్య సువార్త నిలబడింది,
సాయంత్రం లంక నుంచి పడవ దాటి వచ్చి.
కొంగు నడుముకి దోపుకుంటే సుబేదార్ వారించారు.
"ముద్దాయికి టోపీ ఉండదు, బెల్టు ఉండదు. వదిలెయ్ తల్లీ."
వదిలేసింది.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు ఆ తర్వాత.

మొదటి ఆరోపణ, సెలవు దాటి పదకొండు రోజులు.
రెండోది, గుర్తింపు కార్డు పోగొట్టుకోవడం.

ఆ అయిదుగురిలో ఎవరూ లంక చూసి ఉండరు.
ఏరంటే వాళ్లకి వంతెన.
గోదారిని ఆ గదిలోకి తీసుకెళ్లాలి,
బల్ల మీద కాగితాలు తడవకుండా.
ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఏ గంటకో,
లాకు రిజిస్టర్లో నీటిమట్టం ఏ పూటకి ఎంతో
ఒక్కో అంకె, ఒక్కో ఊపిరి.
తర్వాత పడవ సరంగు ఓలేటి ధర్మారాయుడు.
అతను చెప్పేది ఒకటే ముక్క:
"గెడకి నేల అందలేదండి, పడవ కట్టేశాం."
"అంతే, కూర్చోండి" అన్నారు సుబేదార్.
"ఇంకో ప్రశ్న అడిగారో మునిగారు."

బాగుందనుకున్నాను. నాకు నేనే నచ్చాను.

అప్పుడాయన గంప మీంచి లేచి ప్రాసిక్యూటర్ అయ్యారు.
ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, చాలా మర్యాదగా ఉంది.
"ఏడో రోజుకి నీరు తీసింది కదా నాయక్?
పడవ తిరిగింది కదా?
మిగతా నాలుగు రోజులూ ఏం చేశావ్?"

సువార్త నా కేసి చూసింది.
నా దగ్గర ఏ కాగితమూ లేదు.

"కార్డు వెతికాడండి.
గోడ కూలి ఇంట్లో మోకాల్లోతు ఒండ్రు.
బియ్యం జల్లెడతో జల్లించాడండి, మూల మూలా.
అది లేకుండా గేటు కాడికెళ్తే
నేనెవర్నని చెప్పుకోను అన్నాడు.
దొరకలేదు. వెళ్లిపోయాడు.
మొన్న కొత్త పొయ్యి తవ్వుతుంటే దొరికింది."

పాలిథిన్ కవరు విప్పింది.
నంబరు ఉంది. రాజముద్ర సగం ఉంది.
ఫోటో ఉండాల్సిన చోట
గోధుమరంగు మరక.

సుబేదార్ చాలాసేపు మాట్లాడలేదు.
"ఇది చూపిస్తే నాలుగు రోజులూ ఒప్పుకున్నట్టే.
చూపించకపోతే..."
బీడీ కోసం జేబు తడుముకున్నారు, తియ్యలేదు.

ఏం చెయ్యాలో తెలీక
కార్డు తీసుకెళ్లి ఆ చిన్న గుట్ట మీద పెట్టాను.
ఒక కాయ దొర్లి కాటా దాకా వెళ్లి ఆగింది.

తెల్లవారుజామున రాజమండ్రిలో రైలు.
సంచిలో రిజిస్టర్ నకళ్లు, అడుగున కార్డు.
దాన్ని తీస్తానో తియ్యనో
ఆ కుర్రాడి మొహం చూశాక గానీ తెలీదు.

దీపం ఆర్పబోతూ చూస్తే
సువార్త ఇంకా అక్కడే నిటారుగా ఉంది,
కొంగు వదిలేసి,
కూర్చోమని ఎవరూ అనలేదని.